అడవిని కాపాడుకునే హక్కుకు దరఖాస్తు: ఫారం-సి ఎవరు, ఎలా పెట్టాలి?

వెలిగొండల అంచున రాపూరు, ఉదయగిరి, సీతారామపురం వైపు ఊళ్లకు అడవి కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఆ అడవిని కాపాడే, తిరిగి పెంచే, నిర్వహించే అధికారం ఊరికి చట్టప్రకారం దక్కుతుందన్న సంగతి. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ఇచ్చే ఈ హక్కును సామూహిక అటవీ వనరుల హక్కు అంటారు. 2012లో నిబంధనలను సవరించినప్పుడు దీనికోసం ప్రత్యేకంగా ఫారం-సి తెచ్చారు. పోడు పట్టాలకు పెట్టే ఫారం-ఎ వేరు, మేత, చేపలు, అటవీ ఫలసాయం వాడుకోవడానికి పెట్టే ఫారం-బి వేరు. బి, సి రెండూ కలిపి పెట్టుకోవడమే తెలివైన పని.

ముందుగా రెండు అపోహలు. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం (రాజ్యాంగం ప్రకారం ప్రకటించిన గిరిజన ప్రాంతం) లేదు కాబట్టి ఈ చట్టం ఇక్కడ చెల్లదని ఎవరైనా చెబితే నమ్మకండి. రిజర్వు ఫారెస్టు అయినా, పెనుశిల నరసింహ అభయారణ్యం అయినా అటవీ భూమే, చట్టం వర్తిస్తుంది. రెండోది, ‘మాకు వన సంరక్షణ సమితి ఉంది కదా, మళ్లీ ఇదెందుకు’ అన్న మాట. సమితి అటవీ శాఖ ఉత్తర్వుతో ఏర్పడింది. దాని పనులూ ప్రణాళికా శాఖ చేతుల్లోనే ఉంటాయి. ఫారం-సి ద్వారా వచ్చేది చట్టం గుర్తించిన హక్కు, అది గ్రామ సభది. సమితిలో పనిచేసిన అనుభవం మాత్రం వృథా కాదు, అడవిని కాపాడుతూ వచ్చామనడానికి అదే ఒక సాక్ష్యం.

దరఖాస్తుదారు వ్యక్తి కాదు, గ్రామ సభ. ఊళ్లో కొందరే యానాది గిరిజనులు, మిగతావారు ఇతరులు అయినా ఇబ్బంది లేదు. సభ్యుల జాబితాలో ఎవరు షెడ్యూల్డ్ తెగవారో, ఎవరు తరతరాలుగా అడవిపై ఆధారపడినవారో పేర్ల పక్కన రాయాలి. అలాంటివారు కొద్దిమంది ఉన్నా దరఖాస్తుకు సరిపోతుందని ఫారంలోనే ఉంది.

మొదటి మెట్టు పంచాయతీ కార్యదర్శి దగ్గర. గ్రామ సభను పిలిపించి 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. అందులో మూడింట రెండు వంతుల మంది షెడ్యూల్డ్ తెగలవారు, కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి. కమిటీ వివరాలను డివిజన్ స్థాయి కమిటీకి తెలియజేయాలి. దానికి అధ్యక్షుడు ఆర్డీవో. అటవీ, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితా ఊరికి ఇవ్వడం, ఫారాలు ఉచితంగా దొరికేలా చూడటం ఆ కమిటీ పనే. కాబట్టి వాటి కోసం జిరాక్సు షాపుల చుట్టూ తిరగకుండా రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. గిరిజన కాలనీలకు నెల్లూరులోని యానాదుల ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) సాయం కూడా కోరవచ్చు.

సభలో కోరం దగ్గరే చాలా దరఖాస్తులు చిక్కుకుంటాయి. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. కూలి పనుల రోజుల్లో సభ పెడితే సగం మంది ఎక్కడ దొరుకుతారు? సాయంత్రం పెట్టుకోండి. తీర్మానంలో ‘సెక్షన్ 3(1)(ఐ) కింద’ అన్న మాట తప్పక ఉండాలి. ‘అడవి మాకు కావాలి’ అని మాత్రమే రాసిన తీర్మానం ఎటూ కాకుండా పోతుంది.

ఇక అసలు కష్టమంతా పటం, సాక్ష్యాలలో ఉంది.

పటంలో చూపాల్సింది ఊరు ఆనవాయితీగా వాడుకుంటున్న, కాపాడుకుంటున్న ప్రాంతం. అది అటవీ శాఖ బీట్ల సరిహద్దులతో, రెవెన్యూ హద్దులతో సరిపోలనవసరం లేదని ఫారం స్పష్టంగా చెబుతోంది. అటవీ శాఖ అడవిని విభజించి ఇచ్చిన కంపార్ట్‌మెంట్ నంబరు తెలిస్తే రాయండి, తెలియకపోతే ఆగిపోకండి. కోనలు, వంకలు, దోనెలు (రాతి గుంటల్లో నీళ్లు నిలిచే చోట్లు), కుంటలు, శ్మశానం, అమ్మవారి రాయి, అన్నింటినీ ఊరివాళ్లు పిలిచే పేర్లతోనే గుర్తించండి. పక్క ఊరితో కలిసి వాడుకునే చోటు ఉంటే దాచొద్దు, ఫారంలో దానికి గడి ఉంది. ఇద్దరికీ మాట కుదరకపోతే రెండు ఊళ్ల కమిటీలు కలిసి కూర్చోవాలి, అప్పటికీ తేలకపోతే విషయం డివిజన్ కమిటీకి వెళ్తుంది.

సాక్ష్యాలు ఒకటికి మించి ఉండాలి. పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది. అయితే ‘పూర్వం నుంచి అడవిని వాడుకుంటున్నాం’ అని ఒక్క ముక్క రాస్తే ఎందుకూ కొరగాదు. ‘పెళ్లయి వచ్చిన ఏడు మా అత్త చిల్లగింజలకు ఫలానా కోనకు తీసుకెళ్లింది, దారిలో దోనె దగ్గర మేకలకు నీళ్లు పట్టాం, పైనున్న రాయి దగ్గర ఏటా పొంగళ్లు పెట్టేవాళ్లం’ అని పెద్దామె చెప్పినది చెప్పినట్టే రాయండి. అందులో ఫలసాయం, నీటి వనరు, పూజాస్థలం మూడూ వచ్చేశాయి. మూడూ పటంలో కనిపించాలి కూడా. ఉపగ్రహ చిత్రం తోడుగా పనికొస్తుందే తప్ప, అందులో కనబడలేదని మిగతా సాక్ష్యాలను పక్కన పెట్టడానికి వీల్లేదు.

అడవి లోపలి కుంటలు, మడుగులు ఈ పటంలోకే వస్తాయి, అక్కడి చేపల హక్కును ఫారం-బిలో అడగాలి. మైదానంలోని సాగునీటి చెరువుల సంగతి వేరు. అవి అటవీ భూమి కాదు, 2017 చిత్తడి నేలల నిబంధనలు కూడా సాగునీటి కోసం కట్టిన చెరువులను మినహాయించాయి. వాటిని ఈ దరఖాస్తులో కలిపితే ఫైలు బరువెక్కుతుందంతే.

తర్వాత క్షేత్ర పరిశీలన. కమిటీ ముందుగా అటవీ, రెవెన్యూ అధికారులకు కబురు పంపాలి. వారు వచ్చి హోదా, తేదీ, అభిప్రాయం రాసి సంతకం చేయాలి. రాకుండా ఉండిపోయి, తర్వాత ‘మేం లేనప్పుడు చేశారు’ అని అభ్యంతరం పెడితే ఫైలు మళ్లీ గ్రామ సభకు వస్తుంది. రెండోసారీ రాకపోతే ఆ పరిశీలనపై సభ నిర్ణయమే అంతిమం. అందుకే నోటీసు అందినట్టు రసీదు అన్నిటికన్నా విలువైన కాగితం.

గ్రామ సభ ఆమోదించిన ఫైలు డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. తిరస్కరిస్తే కారణాలు రాతలో ఇవ్వాలి. డివిజన్ కమిటీ నిర్ణయంపై 60 రోజుల్లో జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.

హక్కు పత్రం చేతికొచ్చాక గ్రామ సభ ఒక సంరక్షణ కమిటీ వేసుకుని నిర్వహణ ప్రణాళిక రాయాలి. లాంటానా పొదలు ఎక్కడ తీయాలి, ఏ వాలులో మేత ఆపాలి, వేసవికి ముందు మంట పాకకుండా అగ్గి గీతలు ఎక్కడ వేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. తేనె, ఉసిరి వంటి ఫలసాయం తరలించడానికి రవాణా అనుమతి ఇచ్చేది కూడా ఆ కమిటీయే. ఎర్రచందనం ఫలసాయం కిందికి రాదు, వేటకు ఈ చట్టంలో చోటు లేదు. ఈ రెండూ ప్రణాళికలో మొదటి పేజీలోనే రాసుకుంటే తర్వాత తగాదాలుండవు.