రంగంలో వదిలేసొచ్చిన సామాను లిస్టు ఎలా రాసుకోవాలంటే

మన వైజాగ్‌లో బర్మా క్యాంపు వైపే కాదు, చాలా ఇళ్ళల్లో రంగం (అదే, బర్మాలో రంగూన్) కబుర్లుంటాయి, 1942లో యుద్ధానికి భయపడి వచ్చేసినవాళ్ళు, 60ల్లో వచ్చినవాళ్ళు. పోయినదేంటో కాగితం మీద పెట్టిన ఇల్లు మాత్రం నేనెక్కడా చూళ్ళేదు. ఇప్పుడు రాస్తే ఏమొస్తదిలే అనకండి, అమెరికాలో స్థిరపడ్డ జపాన్ వాళ్ళ సంగతి చూడండి. అదే 1942, జపాన్‌తో యుద్ధం నడుస్తుంటే, ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 అనే ఆర్డర్ మీద సంతకం పెట్టాడు, సుమారు 1,20,000 మందిని చేత్తో మోయగలిగినంత సామానుతో క్యాంపులకి తోలేశారు, అందులో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టినోళ్ళు. షాపులు, పడవలు, ఫ్రిజ్‌లు వచ్చినకాడికి అమ్ముకున్నారు. 1948లో క్లెయిమ్ పెట్టుకోండి అని చట్టం చేసి రుజువులడిగారు, జపాన్ మనుషులని అనుమానిస్తారేమోనన్న భయంతో ఉత్తరాలు ఫొటోలు ముందే తగలబెట్టుకున్నోళ్ళు ఏం చూపిస్తారు చెప్పండి. చివరికి 1988లో క్షమాపణ, బతికున్నవాళ్ళకి తలో 20,000 డాలర్లు.

సరే, పనిలోకొద్దాం. "ఎంత పోయింది" అని మాత్రం అడగొద్దు. మా నాన్నమ్మని అలాగే అడిగితే "ఏటుంటాది, అన్నీ పోనాయి" అని అటు తిరిగి పడుకుంది. మర్నాడు, మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడ పెట్టేవారే అన్నాను, అంతే, ఇత్తడి గంగాళం వచ్చింది, దాని అంచుకి సొట్ట, ఆ సొట్ట ఎవరు పెట్టారు, బయల్దేరేముందు దాన్ని పక్కింటావిడకి అప్పజెప్పడం, పక్కనే కుట్టుమిషను, ముప్పావుగంట ఆగలేదు. గుమ్మం దగ్గర మొదలెట్టి గది గదీ తిప్పండి.

నోట్‌బుక్‌లో వస్తువు, ఎవరిది, ఏమైంది అని గీతలు కొట్టుకోండి. ఈ "ఏమైంది"లోనే ఉంది అసలు విషయం. అమ్మేశారా, ఒకళ్ళకి అప్పజెప్పారా, తాళం వేసి వచ్చేశారా, అన్నీ "పోయింది" కిందే రాసేయకండి. ధర మీ పెద్దవాళ్ళు చెప్పిన రూపాయల్లోనే ఉంచండి, ఇప్పటి లెక్కకి మార్చొద్దు.

తేదీలు గుర్తుండవు. రంగూన్‌లో మొదటి బాంబులు 1941 డిసెంబర్ 23న, మన హార్బర్ మీద 1942 ఏప్రిల్ 6న, దానికి ముందా తర్వాతా అని అడిగితే చాలు. రెండుసార్లు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, దిద్దకండి (మా బాబాయి ఇక్కడే గొడవ పెట్టుకుంటాడు).

ట్రంకుపెట్టెలో కాగితాలుంటే ఫొటో తీసుకోండి, లామినేషన్ మాత్రం వద్దు, మళ్ళీ ఊడదు. ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో, మెల్లిగా.

మా లిస్టులో 31 వస్తువులు తేలాయి. గంగాళం తీసుకున్న ఆవిడ పేరు నాన్నమ్మకి ఇంకా గుర్తురాలేదు, ఆ గడి ఖాళీగానే ఉంచాను.