ఇంటి నుంచి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్: నిజాయితీగా పనిచేయడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలో ఉంటూ అమెరికా ఆసుపత్రుల డిక్టేషన్లను విని రిపోర్టులుగా టైపు చేస్తున్న తెలుగువారి కోసం, ఆ పనిలోకి రావాలనుకుంటున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లీషు, వైద్య పదజాలం, టైపింగ్ వేగం నేర్పేవారు దొరుకుతారు. రిపోర్టు రాసే మనిషికి ఉండవలసిన నిజాయితీ విషయానికి వచ్చేసరికి మాత్రం, గోప్యతా పత్రం మీద ఒక సంతకం పెట్టించుకుని ఊరుకోవడమే ఎక్కువ. ఆ సంతకానికి కట్టుబడి ఉండాలంటే ప్రతి ఫైలులోనూ రెండు పనులు చేయాలి. చెవికి స్పష్టంగా వినబడని మాటను రిపోర్టులో పెట్టకూడదు. మనకు అప్పగించిన రోగి వివరాలను ఇంకొకరి కంట పడనివ్వకూడదు. లైన్ల లెక్కన జీతం, గంటల లెక్కన గడువు తోడైనప్పుడు ఈ రెండింటికీ కట్టుబడడం ఎంత కష్టమో తెలుస్తుంది.

వినబడని చోట బ్లాంక్ వదలండి

డాక్టర్లు నడుస్తూ, తింటూ, పక్కన నర్సుతో మాట్లాడుతూ డిక్టేట్ చేస్తుంటారు. మాట వినబడనప్పుడు ముందు కొంచెం వెనక్కి వెళ్లి, వేగం తగ్గించి, వాక్యం మొత్తాన్ని వినండి. ఆ ఒక్క మాటనే పదేపదే తిప్పి వింటే, చెవి తనకు తెలిసిన మాటనే వినడం మొదలుపెడుతుంది. తరువాత రిపోర్టు చివరి దాకా వెళ్లండి. మొదట్లో మింగేసిన మందు పేరును, చికిత్స ఎలా కొనసాగించాలో చెప్పేటప్పుడు డాక్టరు మళ్లీ పలికే అవకాశం ఉంటుంది. మందు పేరు దొరికినట్టు అనిపిస్తే, ఆ మందు ఆ మోతాదులో దొరుకుతుందా, ఈ రోగికి చెప్పిన జబ్బుకు దానిని వాడతారా అని నమ్మదగిన మందుల నిఘంటువులో చూడండి. అప్పటికీ తేలకపోతే బ్లాంక్ వదిలి, ఆడియోలో అది వచ్చిన నిమిషాన్ని, సెకనును గుర్తించి, మీకు ఎలా వినబడిందో క్యూఏ వారికి, అంటే రిపోర్టు నాణ్యతను సరిచూసేవారికి, నోట్‌లో రాయండి. పని అక్కడికి పూర్తయినట్టే. బ్లాంక్ వదిలిన రిపోర్టును చూసినవారికి అక్కడ ఏదో తేలవలసి ఉందని తెలుస్తుంది. ఊహించి నింపిన రిపోర్టును చూసినవారికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

రిపోర్టులో ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో చూపించే కేసు ఒకటి అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నడిచింది. 2008లో ఒక రోగిని ఆసుపత్రి నుంచి పునరావాస కేంద్రానికి పంపేటప్పుడు తయారైన డిశ్చార్జి సమ్మరీలో, 8 యూనిట్లు ఉండవలసిన ఇన్సులిన్ 80 యూనిట్లుగా నమోదైంది. అక్కడ అదే మోతాదు ఇచ్చారు. రోగి మరణించారు. ఆ ట్రాన్స్‌క్రిప్షన్ పని ఒక అమెరికన్ కంపెనీ ద్వారా భారతదేశానికి వచ్చినదని విచారణలో తేలింది. 2012 డిసెంబరులో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. పది రెట్లు తేడా తెచ్చింది ఒక్క సున్నా. ఈ కేసును కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి అంకెల దగ్గర చెవిని నమ్మి ఊరుకోకండి. ఇంగ్లీషులో పదిహేను, యాభై దాదాపు ఒకేలా వినబడతాయి. సందేహం ఉంటే బ్లాంకే సరైనది. దశాంశ అంకె ఒకటి కంటే తక్కువైతే చుక్కకు ముందు సున్నా తప్పక పెట్టాలి, పూర్ణ అంకె తరువాత చుక్క, సున్నా పెట్టకూడదు. 5.0 అని రాస్తే చుక్క కనబడక 50గా చదివే ప్రమాదం ఉంది. యూనిట్లు అనే మాటకు యు అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనబడుతుంది కనుక పూర్తి మాట రాయాలి. ఇవన్నీ ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో అమల్లోకి తెచ్చిన నిషిద్ధ సంక్షిప్తాల పట్టికలో ఉన్నాయి.

తెలుగు చెవికి ప్రత్యేకంగా కష్టం కలిగించే మాటలు మరికొన్ని ఉన్నాయి. చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే, తుంటి ఎముకలోని భాగమూ ఇలియమే, స్పెల్లింగ్‌లో మాత్రం ఒక్క అక్షరం తేడా. మింగడంలో ఇబ్బంది డిస్‌ఫేజియా, మాట్లాడడంలో ఇబ్బంది డిస్‌ఫేసియా. రక్తపోటుకు ఇచ్చే హైడ్రాలజీన్, దురదకు ఇచ్చే హైడ్రాక్సిజీన్ వేరువేరు మందులు. జ్వరం లేదని చెప్పే ఎఫెబ్రైల్ అనే మాటలో మొదటి అక్షరం వినబడకపోతే రోగికి జ్వరం ఉన్నట్టు అర్థం మారిపోతుంది. ఇలాంటివి ఎదురైనప్పుడు రిపోర్టులోని మిగతా విషయం దేనికి సరిపోతుందో చూడాలి. సరిపోయే ఆధారం రిపోర్టులోనే దొరికితే రాయండి. దొరకకపోతే ఎంతసేపు ఆలోచించినా అది ఊహే.

బ్లాంకులు ఎక్కువైతే కొన్ని చోట్ల మార్కులు తగ్గిస్తారు, జీతంలో కోత కూడా పెడతారు. చాలా ఒప్పందాల్లో 98 శాతం లేదా అంతకు మించిన కచ్చితత్వం అడుగుతారు కనుక ఆ ఒత్తిడి నిజమైనదే. అయితే బ్లాంకును తప్పుగా లెక్కకట్టే టీమ్ ఊహలను ప్రోత్సహిస్తున్నట్టే. టీమ్ లీడర్‌గారితో ఈ మాట మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి. అర్థమయ్యే ఆడియోలో సోమరితనంతో వదిలిన బ్లాంకును, ఎంత విన్నా తేలని చోట వదిలిన బ్లాంకును వేరుగా లెక్కించమని అడగండి. క్యూఏ వారు బ్లాంకు నింపి పంపిన ఫైలును తెరిచి, ఆ చోట మళ్లీ వినడం మాత్రం మానకండి. ఆ డాక్టరు ఉచ్చారణ చెవికి పట్టుబడేది అలాగే.

శాంపిల్స్, నార్మల్స్ వాడేటప్పుడు

అదే డాక్టరు పాత రిపోర్టులను పక్కన పెట్టుకుని పనిచేయడం ఈ వృత్తిలో మామూలు విషయం. వాటివల్ల మేలు ఉంది. డాక్టరు పలుకుబడి, ఆయన వాడే పరికరాల పేర్లు, శీర్షికల వరుస తెలుస్తాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది. మోకాలి ఆపరేషన్ల డాక్టరు రోజూ ఒకే తీరుగా చెబుతుంటే, అలసిన చెవి వినడం మానేసి శాంపిల్‌లో ఉన్నదాన్నే దింపేస్తుంది. ఈ రోజు ఆయన కుట్టుకు వాడిన దారం వేరు కావచ్చు, రక్తస్రావం ఎక్కువై ఉండవచ్చు. శాంపిల్‌ను స్పెల్లింగ్ కోసం చూడండి, విషయం కోసం చూడకండి. నార్మల్స్ అనే ముందుగా రాసిపెట్టిన పేరాలను డాక్టరు స్వయంగా వాడమన్నప్పుడే వాడాలి. గుండె, ఊపిరితిత్తుల పరీక్ష గురించి డాక్టరు ఏమీ చెప్పకపోతే, అంతా సాధారణంగా ఉన్నట్టు పేరా దించడం చేయని పరీక్షను చేసినట్టు రాయడమే.

డాక్టరే పొరబడినట్టు అనిపిస్తే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. పైన కుడి మోకాలు, కింద ఎడమ మోకాలు అన్నారనుకోండి. వ్యాకరణం సరిదిద్దే అధికారం మనకు ఉంది, ఏ మోకాలో నిర్ణయించే అధికారం లేదు. చెప్పినది చెప్పినట్టు ఉంచి, రెండు చోట్లా ఫ్లాగ్ (సందేహం ఉందని తెలిపే గుర్తు) పెట్టి, తేడాను నోట్‌లో చూపండి. అసాధ్యంగా కనిపించే మోతాదు విషయంలోనూ ఇంతే.

ఇప్పుడు వచ్చే ఫైళ్లలో చాలావాటికి మాటను విని తానే టైపు చేసే స్పీచ్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ముసాయిదా ముందే ఉంటుంది. వినకుండా దానిని చదివి సరిపెట్టుకోవాలన్న ఆశ బలంగా ఉంటుంది, ఎందుకంటే ఎడిటింగ్‌కు లైనుకు ఇచ్చే రేటు టైపింగ్ కంటే తక్కువ. కానీ యంత్రం రాసిన వాక్యం వ్యాకరణపరంగా నిర్దోషంగా ఉంటుంది కనుక, అందులోని తప్పు కంటికి తగలదు. కొన్ని ఏఐ సాధనాలు మౌనం ఉన్నచోట ఎవరూ అనని వాక్యాలను కల్పించి రాశాయని 2024లో వెలువడిన పరిశోధనలో చూపించారు. ఆడియోను మొదటి నుంచి చివరి దాకా విని తీరాలి. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తప్ప, ఉచితంగా దొరికే ఏ ఏఐ సైటులోకీ డిక్టేషన్‌ను గాని, రిపోర్టును గాని ఎక్కించకండి.

లైన్ల లెక్క విషయం క్లుప్తంగా చెబుతాను. ఖాళీలతో కలిపి 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కించడం వాడుకలో ఉంది. అదనపు ఖాళీలు చేర్చడం, చెప్పని శీర్షికలు పెట్టడం, ఎడిట్ చేసిన ఫైలును టైపు చేసినట్టు చూపడం దొంగ లెక్కే.

రోగి వివరాలు ఇంట్లో ఉన్నప్పుడు

అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం రోగి ఆరోగ్య సమాచారాన్ని కాపాడుతుంది. 2013లో వచ్చిన సవరణ నియమాలు ఆసుపత్రి పనిని సబ్ కాంట్రాక్టుగా తీసుకున్నవారిని కూడా నేరుగా బాధ్యులను చేశాయి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం కింద 2011లో చేసిన నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా పేర్కొన్నాయి. ఒప్పందం కింద చేతికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు నష్టం కలిగించేలా బయటపెడితే, అదే చట్టంలోని 72ఏ సెక్షన్ మునుపు మూడేళ్ల దాకా జైలుశిక్షకు వీలు కల్పించేది, 2023లో చేసిన సవరణతో దాని స్థానంలో 25 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. భద్రతా చర్యల్లో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది.

చట్టం సంగతి ఇలా ఉండగా, ఇంట్లో చేయవలసినవి చిన్నవే. ఇయర్‌ఫోన్ లేకుండా ఆడియో వినకండి. తెర గుమ్మానికి ఎదురుగా ఉండకుండా కూర్చోండి. లేచి వెళ్లేటప్పుడు లాక్ చేయండి. పిల్లల చదువుకు వాడే కంప్యూటరులో ఈ పని చేయకండి. అర్థంకాని మాటను స్నేహితులకు వాట్సాప్‌లో పంపి అడగడం చాలామందికి ఉన్న అలవాటు. ఆ ముక్కలో రోగి పేరు లేకపోయినా పంపకూడదు.

మన ఊళ్ల నుంచి అమెరికాకు వెళ్లి స్థిరపడినవారు తక్కువేమీ కాదు. డిక్టేషన్‌లో ఎప్పుడైనా తెలిసిన ఇంటిపేరు, తెలిసిన వయసు, తెలిసిన జబ్బు ఒకేచోట వినబడవచ్చు. అది మీ పిన్నిగారి అల్లుడే కావచ్చు. ఆ క్షణంలో ఆడియో ఆపి, ఫైలును తిరిగి ఇచ్చేసి, రోగి తెలిసినవారని మాత్రం లీడర్‌కు చెప్పండి. ఆ విషయం ఇంట్లో అమ్మకు కూడా చెప్పకండి. మీరు మంచి ఉద్దేశంతో క్షేమం అడిగినా, ఆ కుటుంబం దాచుకున్న జబ్బు బయటపడినట్టే.

తుఫానుల సంగతి ఈ ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంజాం, గజపతి జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫైలును బంధువు లాప్‌టాప్‌కు పంపడం, నెట్ సెంటరులో తెరవడం, వేరే ఊళ్లో ఉన్న తమ్ముడికి లాగిన్ ఇచ్చి పూర్తి చేయించడం సాయంలా కనిపిస్తాయి. అవి మూడూ ఉల్లంఘనలే. హెచ్చరిక వెలువడిన రోజే అత్యవసర ఫైళ్లు తీసుకోవడం ఆపి, పూర్తికానివాటిని తిరిగి ఇచ్చి, ఎప్పటిదాకా అందుబాటులో ఉండరో రాసి పంపండి. మామూలు రోజుల్లో కూడా మీ లాగిన్‌తో చెల్లెలో వదినో టైపు చేస్తే, సంతకం పెట్టని మనిషి చేతికి రోగిని అప్పగించినట్టే అవుతుంది.

జీతం ఆలస్యమైతే కోపం రావడం న్యాయమే. కానీ రోగి వివరాలను పట్టుకుని బెదిరించడం ఎవరికీ న్యాయం కాదు. 2003లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక వైద్య కేంద్రం పని, ఆ కేంద్రానికే తెలియకుండా ఒకరి తరువాత ఒకరికి సబ్ కాంట్రాక్టుగా మారి కరాచీలోని ఒక మహిళకు చేరింది. తనకు రావలసిన డబ్బు ఇవ్వకపోతే రికార్డులను ఇంటర్నెట్‌లో పెడతానని ఆమె రాసింది. ఆమెకు డబ్బు ఎగ్గొట్టినవారిదీ తప్పే, గుట్టుగా పనిని చేతులు మార్చినవారిదీ తప్పే. అయినా భయపడవలసి వచ్చింది ఏ తప్పూ చేయని రోగులు. డబ్బు రాకపోతే కొత్త ఫైళ్లు తీసుకోవడం మానండి, బకాయి లెక్కను రాతపూర్వకంగా పంపండి, అవసరమైతే లాయరు నోటీసు ఇప్పించండి.

చేరేటప్పుడు, మానేసేటప్పుడు

పని ఇప్పిస్తామని ముందుగా డిపాజిట్ అడిగేవారిని, డిక్టేషన్లను వాట్సాప్‌లో పంపేవారిని, ఏ ఆసుపత్రికి, ఏ ఒప్పందం కింద పనిచేస్తున్నారో చెప్పలేనివారిని నమ్మకండి. శిక్షణలో అసలు రోగుల పేర్లతో ఉన్న ఆడియోలు వినిపిస్తే, ఆ సంస్థకు గోప్యత తెలియదని గ్రహించండి. ప్రవేశ పరీక్షను మీరే రాయండి. స్నేహితురాలు రాసిన పరీక్షతో ఉద్యోగం వచ్చినా, మొదటి వారం ఫైళ్లలోనే అసలు స్థాయి బయటపడుతుంది, ఆ లోపల జరిగే తప్పులు రోగుల రికార్డుల్లో ఉండిపోతాయి. పనిచేయని సంవత్సరాలకు అనుభవ ధ్రువపత్రం కొనుక్కోవడం కూడా ఇలాంటిదే.

మానేసేటప్పుడు చాలామంది ఏళ్ల తరబడి పోగుచేసుకున్న శాంపిల్స్ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్తారు. వాటిలో రోగుల పేర్లు, పుట్టిన తేదీలు, జబ్బులు ఉంటాయి. పేర్లు తీసేసినా తేదీలు, రికార్డు నంబర్లు మిగిలిపోతాయి. వెంట తీసుకెళ్లదగినది మీరు సొంతంగా రాసుకున్న మాటల పట్టిక ఒక్కటే. మందులు, పరికరాలు, ఆపరేషన్ల పేర్లు, వాటి స్పెల్లింగులు అందులో ఉండవచ్చు, ఏ రోగి వివరమూ ఉండకూడదు. మిగిలినదంతా కంపెనీ చెప్పిన పద్ధతిలో తొలగించి, తొలగించినట్టు ఈమెయిల్ పంపి, మీ లాగిన్ మూసివేశారని తిరుగు జవాబు వచ్చేదాకా అడగండి. ఆ జవాబును దాచుకోండి. మీరు వెళ్లిన తరువాత ఆ లాగిన్‌తో ఎవరైనా ఏదైనా తెరిస్తే, మీ పేరు మీదికి రాకుండా కాపాడేది అదే.