గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలి? తిరుపతి, చిత్తూరు విద్యార్థి పైలట్ల కోసం

మన దేశంలో 16 ఏళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌ తీసుకోవచ్చు. అయితే ఒంటరిగా విమానం ఎక్కే రోజు రాకముందే, ఇంజిన్ ఆగినప్పుడు చేయాల్సిన పనులు వరుస తప్పకుండా చేతికి అలవాటైపోవాలి.

ముందు టెన్షన్ తగ్గించే మాట. ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. గాలి లేని రోజు సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం వెయ్యి అడుగుల ఎత్తు నుంచి రెండున్నర కిలోమీటర్లకు పైగా జారుతూ వెళ్లగలదు.

మొదటి పని వేగం. వెంటనే ముక్కు కాస్త దించి గ్లైడ్ వేగం పట్టుకోండి: సెస్నా 152కి 60 నాట్లు, 172కి మోడల్‌ను బట్టి 65 లేదా 68. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే మీకు లెక్క. ఆ వేగం దానంతటదే నిలిచేలా ట్రిమ్ చక్రం సర్దండి. ఎత్తు పోతోందన్న భయంతో ముక్కు పైకి లాగితే వేగం పడిపోయి స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక వదిలేస్తాయి. ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇదే.

రెండోది చోటు. మన వైపు నాకు నచ్చేది శనక్కాయలు పీకేసిన చేను. సాళ్ల వెంట, వీలైనంత గాలికి ఎదురుగా దిగాలి. గాలి ఎటు వీస్తోందో పొగ చూస్తే తెలుస్తుంది. నీళ్లు పెట్టిన వరిమడిలో ముందు చక్రం దిగబడి విమానం తిరగబడొచ్చు. ఎదిగిన చెరకు తోటా అంతే. స్వర్ణముఖి ఇసుక పైనుంచి నున్నగా కనిపించినా నమ్మకండి. కరెంటు తీగలు పైనుంచి కనబడవు. స్తంభాలు వరుసగా ఉంటే మధ్యలో తీగ ఉన్నట్టే. ఒకసారి చోటు ఎంచుకున్నాక ఊరికే మార్చకండి.

ఎత్తు మిగిలి ఉంటేనే మూడోది, ఇంజిన్‌ను మళ్లీ అందుకునే ప్రయత్నం. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న విమానమైతే ముందు దానిలోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ లాగండి, ఇంజిన్ చల్లబడితే ఆ వేడీ దొరకదు. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాగేస్తుంది కాబట్టి, 25 డిగ్రీల రోజున కూడా తేమ గాలికి కార్బ్యురేటర్ లోపల మంచు కట్టవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన దగ్గర వానలు కాబట్టి ఇది మరీ గుర్తుండాలి. తర్వాత ఫ్యూయల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచేది), మిక్స్చర్ (గాలిలో పెట్రోలు పాళ్లు మార్చేది), మాగ్నెటోలు (స్పార్క్ ఇచ్చేవి) చూడండి.

అప్పుడే రేడియో. మేడే (ప్రమాదంలో ఉన్నామనే పిలుపు) అని మూడుసార్లు, కాల్ సైన్ (రేడియోలో మీ విమానం పేరు), ఏం జరిగింది, ఎక్కడున్నారు, ఎంతమంది. మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలో జవాబు లేకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. రాడార్‌కు మీ విమానాన్ని చూపించే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700.

దిగే ముందు ఫ్యూయల్, మిక్స్చర్, మాగ్నెటోలు ఆపేయండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించాకే, కరెంటు మొత్తం ఆపే మాస్టర్ స్విచ్ ఆపాలి. బెల్టు బిగించి, తలుపు బిగుసుకుపోకుండా కొద్దిగా తెరిచి ఉంచండి.

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే మాత్రం ఇంత టైం ఉండదు. రన్‌వే వైపు వెనక్కి తిప్పకండి. ఎత్తు పోకుండా 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఎదురుగా, అటూ ఇటూ 30 డిగ్రీల లోపు కనిపించిన చోట దిగడమే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, రేణిగుంటలో విమానం దాదాపు 3,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. మెల్లగా ఎక్కుతుంది కాబట్టి చేతిలో ఎత్తు ఇంకా తక్కువ. అందుకే ప్రతి టేకాఫ్‌కి ముందు, ఇక్కడ ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగుతానో పైకే చెప్పుకుని ఆ తర్వాతే థ్రాటిల్ నెట్టండి.