విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ కనెక్ట్ కాకపోతే, కనెక్ట్ అయ్యాక భద్రంగా ఉండాలంటే

ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్‌ని తెరిచి పనిచేసుకునే సదుపాయమే రిమోట్ డెస్క్‌టాప్. ముందు ఆఫీసు సిస్టమ్‌లో ఏ విండోస్ ఉందో చూడండి. హోమ్ ఎడిషన్ అయితే బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో దానిలోకి వెళ్లలేరు, ప్రో కావాలి. ప్రో ఉండీ స్పందన లేకపోతే సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లిందేమో చూడండి. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని ‘నెవర్’ చేస్తే సరి.

కనెక్ట్ అవుతూనే పాస్‌వర్డ్ తప్పంటోందా? రోజూ కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు. అకౌంట్ అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. పాస్‌వర్డే పెట్టని అకౌంట్‌ని విండోస్ మామూలుగా రానివ్వదు.

ఆఫీసు వైఫైలో పనిచేసి ఇంటి నుంచి పనిచేయకపోతే చాలామంది రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పోర్టు కోసం బాట్‌లు (వాటంతట అవే నడిచే ప్రోగ్రాములు) రాత్రింబవళ్లు ఇంటర్నెట్ గాలిస్తుంటాయి. దొరికితే ‘అడ్మినిస్ట్రేటర్’ పేరు మీద పాస్‌వర్డ్‌లు వరసపెట్టి కొట్టి చూస్తాయి. పోర్టు నంబరు మార్చినా స్కానర్లు పట్టేస్తాయి. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో, అప్‌డేట్ చేయని పాత విండోస్ 7లోకి చొరబడటానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. అప్‌డేట్లు వాయిదా వేయొద్దనేది అందుకే.

సరైన దారి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య సొరంగం. ఆఫీసు రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉంటే అదే చాలు. ముందు వీపీఎన్ కలపాలి, తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్. ఆపైన ఆఫీసు సిస్టమ్‌లోని విండోస్ ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ (లోపలికి వచ్చే కనెక్షన్ల నియమాలు) దగ్గర ‘రిమోట్ డెస్క్‌టాప్ - యూజర్ మోడ్’ తెరిచి, స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ ఐపీ దగ్గర వీపీఎన్ అడ్రస్‌లు మాత్రమే ఇవ్వండి. టీసీపీ, యూడీపీ అనే రెండు రకాల కనెక్షన్లకు రూల్స్ విడివిడిగా ఉంటాయి, రెండూ మార్చాలి. రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ లెవల్ అథెంటికేషన్ (తెర తెరుచుకోకముందే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు) టిక్ మాత్రం తీయకండి.

వారానికోసారి ఆఫీసు సిస్టమ్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 నంబరుతో వెతకండి. విఫలమైన లాగిన్‌లన్నీ అక్కడ కనిపిస్తాయి.