మారకపు రేట్ల చరిత్ర కట్టడం – 3వ పాఠం: కెన్యా షిల్లింగు, ఉగాండా షిల్లింగు

గత పాఠంలో ఒకే కరెన్సీకి డాలరుతో రేటు పట్టిక తయారుచేశాం. ఈసారి రెండు కరెన్సీల మధ్య రేటు. ఆఫ్రికా కరెన్సీలు రెండిటి మధ్య పాత రేటు నేరుగా దొరకడం అరుదు. డాలరుతో రేట్లు మాత్రం రెండిటికీ దొరుకుతాయి. కాబట్టి డాలరు మీదుగా లెక్క కట్టాలి. దీన్నే క్రాస్ రేటు అంటారు.

2010 తీసుకోండి. ఆ ఏడాది సగటున డాలరుకు 2,178 ఉగాండా షిల్లింగులు, 79.2 కెన్యా షిల్లింగులు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 27.5. అంటే ఒక కెన్యా షిల్లింగుకు ఇరవై ఏడున్నర ఉగాండా షిల్లింగులు. తలకిందులుగా భాగిస్తే 0.036 వస్తుంది. అదీ సరైన రేటే, కానీ అటు వైపుది. పట్టిక పైన "1 కెన్యా షిల్లింగు = ఎన్ని ఉగాండా షిల్లింగులు" అని ముందే రాసుకుంటే మధ్యలో దిక్కు మారిపోదు.

ఇక 1970కి వెళ్దాం. ఇప్పటి అంతర్జాతీయ పట్టికల్లో ఆ ఏడాది డాలరుకు కెన్యా 7.14, ఉగాండా 0.0714 అని కనిపిస్తుంది. భాగిస్తే 0.01. కెన్యా షిల్లింగు ఉగాండా షిల్లింగులో నూరో వంతేనా? కానే కాదు. తూర్పు ఆఫ్రికా కరెన్సీ బోర్డు (బ్రిటిష్ కాలంలో ఈ దేశాలకు ఉమ్మడిగా నోట్లు వేసిన సంస్థ) నోట్ల స్థానంలో 1966లో కెన్యా, ఉగాండా, టాంజానియా వేర్వేరు షిల్లింగులు తెచ్చుకున్నాయి. మూడూ సమానమే. పౌనుకు 20, డాలరుకు 7.14. (1920 దాకా కెన్యా, ఉగాండాల్లో చెలామణి అయింది మన రూపాయే.) 1970లోనూ ఒకటికి ఒకటే. ఆ 0.01 రావడానికి కారణం 1987 మే. అప్పుడు ఉగాండా రెండు సున్నాలు తీసేసింది: 100 పాత షిల్లింగులు ఒక కొత్త షిల్లింగు. పట్టిక చేసినవాళ్లు పాత సంఖ్యలన్నిటినీ కొత్త షిల్లింగులోకి మార్చేశారు. కనుక 1987కి ముందరి ఉగాండా అంకెలను 100తో గుణిస్తే ఆనాడు జనం చేతిలో ఉన్న షిల్లింగు రేటు వస్తుంది. ఏదో ఒక షిల్లింగును ఎంచుకుని చివరిదాకా దానితోనే లెక్క కట్టండి. రెండూ కలిపేస్తే గీతపటంలో నిజంగా జరగని మార్పు ఒకటి పుట్టుకొస్తుంది.

ఆ 1987 దగ్గరే ఇంకాసేపు ఆగాలి. ఆ ఏడాది ఉగాండా సగటు రేటు 42.84. నిజానికి ఆ రేటుకు డాలరు మారిన రోజు ఏదీ లేదు. మే నెల మధ్య వరకు అధికారిక రేటు కొత్త షిల్లింగుల్లో 14 (పాతవి 1,400). సున్నాలు తీసిన రోజునే విలువనూ తగ్గించి 60 చేశారు. నాలుగున్నర నెలలు 14, ఏడున్నర నెలలు 60 వేసి సగటు తీయండి: 42.75. పట్టికలోని అంకెకు దాదాపు సరిపోయింది. పెద్ద విలువ తగ్గింపు జరిగిన ఏడాదికి వార్షిక సగటును నమ్మకండి. నెలవారీ రేట్లు చూడండి, దొరక్కపోతే ఆ ఏడాదిని ముందు, తర్వాత అని రెండు వరసలుగా రాయండి.

అప్పుడే నోట్ల మార్పిడిపై 30 శాతం పన్ను కూడా కోశారు. 10,000 పాత షిల్లింగులు తెచ్చినవాడి చేతికి 100 బదులు 70 కొత్తవే వచ్చాయి. రేటు లెక్కలో మాత్రం 100 పాతవి = 1 కొత్తది అనే వాడాలి. పన్ను మారకపు రేటు కాదు.

లెక్క తప్పకపోయినా బోల్తా కొట్టించేది అధికారిక రేటు. 1970ల్లో ఉగాండా కాఫీ దొంగచాటుగా కెన్యాకు తరలిపోయింది. ఆ చాటు వ్యాపారాన్ని అక్కడ 'మగెండో' అనేవారు. అందులో ఉగాండా షిల్లింగుకు అధికారిక రేటు ఎన్నడూ పలకలేదు. కనుక ఆ దశాబ్దపు వరసల పక్కన "అధికారిక" అని తప్పకుండా రాయండి. లేకుంటే అప్పటి షిల్లింగు బలంగా ఉందని చదివేవాళ్లు పొరబడతారు. ఉగాండా 1990లో ఫారెక్స్ బ్యూరోలను (విదేశీ డబ్బు మార్చే ప్రైవేటు దుకాణాలను) చట్టబద్ధం చేసింది, కెన్యా 1993లో రేటును మార్కెట్‌కు వదిలేసింది. అక్కడి నుంచి అంకెలను ధైర్యంగా వాడుకోవచ్చు.

మీ పట్టికలో ఇవి రావాలి, అన్నీ వార్షిక సగటులే: 1990లో 429 ÷ 22.9 = 18.7. 2000లో 1,644 ÷ 76.2 = 21.6. 2020లో 3,718 ÷ 106.5 = 34.9. 2023లో 3,726 ÷ 139.8 = 26.7. చివరి రెండు వరసలను పక్కపక్కన పెట్టి చూడండి. డాలరుతో ఉగాండా షిల్లింగు దాదాపు కదల్లేదు, పడింది కెన్యాది. క్రాస్ రేటు మారినప్పుడు ఎవరు కదిలారో ఆ ఒక్క అంకె చెప్పదు. అందుకే డాలరు రేట్ల నిలువు వరసలు రెండూ చెరపకుండా ఉంచాలి.

అభ్యాసం: టాంజానియా షిల్లింగు 1970లో డాలరుకు 7.14, 1990లో 195. టాంజానియా ఎప్పుడూ సున్నాలు తీయలేదు. రెండు ఏళ్లకూ కెన్యాతో క్రాస్ రేటు కట్టండి. 1990కి 8.5 రావాలి. 0.12 వస్తే తలకిందులుగా భాగించారన్నమాట.

వచ్చే పాఠం: నైజీరియా నైరా, సీఎఫ్ఏ ఫ్రాంకు (పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో పలు దేశాలు వాడే కరెన్సీ). 1994 జనవరి 12న ఫ్రాంకు విలువ సగానికి సగం తగ్గింది. ఈలోగా నెలవారీ పట్టిక గళ్లు గీసి ఉంచుకోండి.