పన్నెండు మందితో షేక్‌స్పియర్ హాస్య నాటకం: చిన్న ఊళ్ల బృందాలకు సన్నాహ విధానం

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, నాగర్‌కర్నూల్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలు వేసుకొనే చిన్న బృందం మొదటిసారి షేక్‌స్పియర్ జోలికి పోదలచుకుంటే, నా సలహా ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’. ఆయన నాటకాలన్నింటిలో చిన్నది ఇదే, సుమారు 1,800 పంక్తులు. కథంతా ఒకే ఊళ్లో, ఒకే పగలు జరిగిపోతుంది కాబట్టి రంగాలంకరణ మార్చే పని లేదు. ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’కు అడవి కావాలి, ఆ అడవికి మన దగ్గర లేని లైట్లు కావాలి, ‘ట్వెల్ఫ్త్ నైట్’ ఇంతకంటే గొప్ప నాటకమే కాని, అందులోని సగం అందం పాటల్లోనూ మాటల నాజూకులోనూ ఉన్నందున తెలుగులో నిలబెట్టడం కష్టం. ‘ఎర్రర్స్’కు ఆ బాధ లేదు. పోలికలు ఒక్కటిగా ఉన్న అన్నదమ్ములు ఇద్దరు, వారి దగ్గర పనిచేసే, పోలికలు ఒక్కటిగా ఉన్న అన్నదమ్ములు ఇద్దరు, ఒక యజమానీ అతని పనివాడూ ఆ ఊరివాళ్లు, మరో యజమానీ అతని పనివాడూ పరాయి ఊరినుంచి వచ్చినవాళ్లు; ఎవరి సంగతి ఎవరికీ తెలియకుండా ఒకే ఊళ్లో తిరుగుతారు. డబుల్ యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన మన ప్రేక్షకులకు దీన్ని ప్రత్యేకంగా వివరించవలసిన పనిలేదు. 1594 డిసెంబర్ 28న లండన్‌లోని గ్రేస్ ఇన్ అనే న్యాయవిద్యార్థుల వసతిలో ఈ నాటకం ఆడినట్టు దాఖలా ఉంది. అంటే ఇది మొదటినుంచీ హాలులో కూడా ఆడగలిగిన నాటకమే. మన భాషలో కందుకూరి వీరేశలింగం పంతులు దీన్ని ‘చమత్కార రత్నావళి’గా మలిచారు.

షేక్‌స్పియర్ మూలానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే ఎవరో చేసిన తెలుగు అనువాదాన్ని తీసుకుంటే మాత్రం అనువాదకుడు మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయన్న సంగతి మరచిపోరాదు. మీ ప్రతిని మీరే తయారుచేసుకోవడం అన్ని విధాలా మేలు.

ప్రతి రాయడానికి కూర్చొనే ముందు బృందమంతా ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావాలి. ఈ నాటకంలో నవ్వు మాటల్లోనుంచి కాక, వేదిక మీదివారికి తెలియనిది ప్రేక్షకులకు తెలిసి ఉండటంలోనుంచి వస్తుంది. వచ్చినవాడు ఊరివాడా, పరాయివాడా అని ప్రేక్షకుడు ఒక్క నిమిషం తికమకపడినా ఆ నిమిషంలో నవ్వు ఉండదు. దుస్తులు, వస్తువులు, తలుపులు, డప్పు, మైకు, అన్నీ ఈ స్పష్టత కోసమే ఏర్పాటు చేసుకోవాలి. ఇకముందు నేను చెప్పేదంతా దాదాపు ఈ ఒక్క దానికోసమే.

మొదటి చిక్కు మొదటి రంగంలోనే ఎదురవుతుంది. మరణశిక్ష పడిన ముసలి వర్తకుడు ఎజియన్ తన పడవ ఎలా పగిలిందో, భార్యాబిడ్డలు ఎలా విడిపోయారో వంద పంక్తులకు పైగా చెప్పుకుపోతాడు. దీన్ని కోసివేద్దామని ప్రతి బృందానికీ అనిపిస్తుంది. కోసివేస్తే కవలలు ఉన్నారన్న సంగతే ప్రేక్షకులకు తెలియకుండా పోతుంది. కోయకుండా, చూపించండి. మా ప్రదర్శనలో ముసలాయన కథ చెబుతుంటే పక్కన ఇద్దరు ఒగ్గు కథ పద్ధతిలో డప్పు మీద వంత అందుకున్నారు. వెదురు బుట్టకు నల్లగుడ్డ చుట్టి చేసిన పుట్టిలో నాలుగు గుడ్డబొమ్మలు పెట్టి, వరద అనగానే పుట్టిని రెండుగా విడదీసి, ఒక సగం కుడివైపుకు, ఒక సగం ఎడమవైపుకు తీసుకుపోయారు. రెండు బొమ్మలకు ఎర్ర తలగుడ్డ, రెండింటికి పసుపు తలగుడ్డ. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు సైతం లెక్క అర్థమయింది.

సముద్రం స్థానంలో కృష్ణానదిని పెట్టడం మన ప్రాంతానికి సహజంగా కుదురుతుంది. ఎఫెసస్, సిరక్యూస్ నగరాల మధ్య ఉన్న పగను నది ఒడ్డున ఉన్న రెండు సంస్థానాల పగగా మార్చుకోవచ్చు. పరాయి ఊరి వర్తకుడు కనబడితే తల తీయించే అధికారం ఇప్పటి కలెక్టరుకు ఉండదు కాబట్టి కథను ఈ కాలానికి తేవడం కుదరదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల జ్ఞాపకం ఉన్న పాలమూరులో రాజు, కోట, సుంకం అంటే వెంటనే అందుతుంది. కాని నిజమైన సంస్థానాల పేర్లు వాడవద్దు. లేని పగను వారికి అంటగట్టినట్టవుతుంది. కల్పిత పేర్లు పెట్టుకోండి.

భాష విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. యజమానులకు పుస్తకాల భాష, పనివారికి తెలంగాణ మాట పెట్టే అలవాటు మన సినిమాల నుంచి నాటకాలకు కూడా పాకింది. మన మాట నవ్వించడానికే పనికివస్తుందని మన వేదిక మీద మనమే ఒప్పుకోవడం నాకు సమ్మతం కాదు. రాజు నుంచి వంటమనిషి దాకా అందరూ ఇక్కడి మాటే మాట్లాడాలి. దీనికి మర్యాద ఒక్కటే కారణం కాదు. ఊరి యజమాని ఒక యాసలో, పరాయి యజమాని మరో యాసలో మాట్లాడితే ఊరి యజమాని భార్య, ఇద్దరి పనివాళ్లు మొదటి వాక్యంలోనే గుర్తుపట్టేస్తారు, కథ అక్కడితో ఆగిపోతుంది.

శ్లేషలను అనువదించబోవద్దు, వదిలిపెట్టి, అదే చోట తెలుగులో పుట్టే శ్లేషను వెతకండి. మూలంలో యజమాని ‘మార్కులు’ అనే డబ్బు గురించి అడుగుతుంటే, పనివాడు డ్రోమియో (ఇద్దరు పనివాళ్లకూ ఇదే పేరు) తన తలమీద పడిన దెబ్బల గుర్తుల గురించి చెబుతాడు. మా ప్రతిలో ఇది ఇలా వచ్చింది: “నేనిచ్చిన వెయ్యి ముట్టినయారా?” “వెయ్యి ముట్టలేదు సేటూ, వీపుకు నాలుగు మాత్రం మంచిగ ముట్టినయ్.” పైకం ముట్టడం, దెబ్బ ముట్టడం రెండూ మన నోట రోజూ ఉండే మాటలే కనుక దీనికి వివరణ అవసరం పడలేదు. ఇటువంటివి నాటకం మొత్తంలో పది దొరికితే చాలు, మిగిలినవి నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి. వంటమనిషి లావు మీద సాగే పొడుగాటి హాస్యాన్ని మేము మొత్తంగా తీసివేశాము. దాని లోటు ఎవరికీ కనబడలేదు.

పనివాళ్లను కొట్టడం గురించి ఇంకా లోతుగా ఆలోచించాలి. మూలంలో డ్రోమియోలు అడుగడుగునా దెబ్బలు తింటారు. వెట్టి మీద, దొరల మీద 1946 నుంచి 1951 వరకు సాయుధ పోరాటం నడిచిన జిల్లాలో, యజమాని జీతగాణ్ణి కొడుతుంటే నవ్వుతారని ఆశించడం పొరపాటు. మొదటిసారి చదివి వినిపించినప్పుడే ఒక పెద్దాయన, “గిది నవ్వుడు ముచ్చట గాదు బిడ్డా” అన్నారు. ఆయన మాట విని మేము మూడు మార్పులు చేశాము. యజమానిని దొరగా కాక, నడుము పట్టిన, చెయ్యెత్తితే భుజం కలుక్కుమనే బట్టల సేటుగా చేశాము. కర్ర తీసివేసి చుట్టిన తువ్వాల పెట్టాము. ప్రతి దెబ్బకూ పనివాడు ఒక మాటతో బదులు తీర్చుకొనేలా రాశాము. చిందు భాగోతంలోని హాస్యగాడు బుడ్డర్‌ఖాన్‌ను చూసినవారికి ఈ ఒడుపు తెలుసు: ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా చివరి మాట అతనిదే. చెంపదెబ్బ తప్పనిసరి అయిన చోట కొట్టేవాని చేయి ముఖానికి జానెడు దూరం నుంచి పోవాలి, చప్పుడు దెబ్బ తినేవాడే ఛాతీ దగ్గర తన రెండు చేతులతో చేయాలి. దీన్ని నెమ్మదిగా, అంకెలు లెక్కపెట్టుకుంటూ, ప్రతి సాధనకు ముందు నాలుగుసార్లు చేయించండి.

పాత్రల పంపకం లెక్కతో కూడిన పని. కవలలు నలుగురు, ఊరి యజమాని భార్య ఏడ్రియానా, ఆమె చెల్లెలు లూసియానా, వేశ్య, కంసాలి ఆంజెలో, ఈ ఎనిమిది మందికి వేరే వేషం ఇవ్వలేము. మఠాధిపతి ఎమీలియా చివరి అంకంలో తప్ప రాదు కనుక ఆమే మూడో అంకంలోని వంటమనిషి కావచ్చు. రాజు మొదట, చివర వస్తాడు. మధ్యలో భూతవైద్యుడు పించ్ వేషం అతనికి ఇవ్వవచ్చు. ఎజియన్ మధ్యలో విందుకు వచ్చే స్నేహితుడు అవుతాడు. కారాగార అధికారి, భటుడు, ఊరి వర్తకుడు ఒక్కరే. రెండో వర్తకుని మాటలను కంసాలికి కలిపితే మొత్తం పన్నెండు మందితో నాటకం నడుస్తుంది. ఆడవాళ్లు నలుగురు కావాలి. వారు దొరకరని ముందే అనుకొని మగవాళ్లకు చీరలు కట్టించే బృందాలు, సాధనను రాత్రి తొమ్మిది తరువాత పెట్టుకుంటే ఆడవాళ్లు ఎలా వస్తారని ఒకసారి తమను తాము అడగాలి. మేము ఆదివారం పగలు, మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు పెట్టుకొని, ఆటో చార్జీలు బృందం డబ్బుల్లోనుంచి ఇచ్చాము. నలుగురూ చివరిదాకా ఉన్నారు.

కవలలకు ముఖాలు కలవాలన్న పట్టుదల వద్దు. ఎత్తు, నడక, తలగుడ్డ, చొక్కా ఒకటైతే మిగిలినది ప్రేక్షకులే పూరించుకుంటారు. వేదిక మీదివారు పట్టించుకోని, ప్రేక్షకులు మరచిపోని ఒక్క గుర్తు మాత్రం పెట్టాలి: మాకు అది భుజం మీది తువ్వాల. ఊరివాళ్లకు ఎడమ భుజం, పరాయివాళ్లకు కుడి భుజం. దీనికి తోడు ఊరివాళ్లు వచ్చేటప్పుడు డప్పు, పరాయివాళ్లు వచ్చేటప్పుడు తాళాలు మోగించండి. వెనక వరుసల్లో తువ్వాల కనబడనివారికి చెవి సాయం చేస్తుంది. ఒకే నటునితో ఇద్దరు కవలలను వేయించాలన్న ఉబలాటం కొందరు దర్శకులకు కలుగుతుంది. చివరి రంగంలో నలుగురూ ఒకేసారి వేదిక మీద ఉండాలి, అది గుర్తుంటే ఆ ఉబలాటం తగ్గుతుంది.

ఎనిమిది వారాల సాధనలో రెండు వారాలు కేవలం వస్తువుల ప్రయాణానికి కేటాయించండి. కంసాలి గొలుసును పరాయి యజమానికి ఇస్తాడు, పైకం ఊరి యజమానిని అడుగుతాడు. ఊరి యజమాని తన పనివాణ్ణి తాడు కొనుక్కురమ్మని పంపుతాడు. అంతలో గొలుసు పైకం ఇవ్వలేదని భటుడు తనను పట్టుకోగా, పరాయి పనివాడు ఎదురైతే వాణ్ణే తనవాడనుకొని, తనను విడిపించే డబ్బు కోసం ఇంటికి పంపుతాడు. వాడు ఆ డబ్బు సంచిని తెచ్చి తన సొంత యజమాని చేతిలో పెడతాడు. భటుని చేతిలో చిక్కుకొని డబ్బు కోసం ఎదురుచూసే ఊరి యజమాని దగ్గరికి తాడు వస్తుంది. గొలుసు, తాడు, డబ్బు సంచి, ఉంగరం, ఈ నాలుగూ ఏ రంగంలో ఎవరి చేతిలో మొదలై ఎవరి చేతిలో ముగుస్తాయో ఒక అట్ట మీద రాసి తెర వెనుక గోడకు కట్టండి, ఒక మనిషిని దానికే నియమించండి. మేము మొదటి ప్రదర్శనకు ఆ మనిషిని పెట్టుకోలేదు. భటుని ముందు నిలబడ్డ సేటు, “ఏదిరా, తెచ్చినవా?” అని చెయ్యి చాపితే, తాడు తెర వెనుకే మరచి వచ్చిన సాయిలు (మా ప్రతిలో డ్రోమియోల పేరు ఇదే) ఖాళీ చేతులు చూపించాడు. ఆ ఖాళీ చేతులకు ఎవరూ నవ్వలేదు. ఆ రంగం ప్రాణమంతా తాడు దబ్బుమని నేలమీద పడటంలోనే ఉంది. అందుకే బరువైన జనపతాడు వాడండి, నైలాన్ తాడుకు ఆ చప్పుడు రాదు. గొలుసు కూడా అంతే: మొదట మేము కొన్న సన్నని రోల్డ్ గోల్డ్ గొలుసు ఐదో వరుస దాటి కనబడలేదు, తరువాత దానికి అరచేతంత పతకం తగిలించాము.

మూడో అంకంలోని తలుపు రంగానికి ఎంత సమయమిచ్చినా తక్కువే. అతిథులను వెంటబెట్టుకొని భోజనానికి వచ్చిన ఇంటి యజమానికి తన ఇంటి తలుపే తెరవరు. లోపల పరాయివాడు ఆయన పళ్లెంలో తింటున్నాడు. తలుపును ప్రేక్షకులకు ఎదురుగా కాక అడ్డంగా, అంచు వాళ్లవైపు ఉండేలా నిలబెట్టండి. అప్పుడు ఒక పక్క ఇల్లు, ఒక పక్క వీధి రెండూ కనబడతాయి. ఇద్దరు సాయిలులు ఆ ఒక్క తలుపుకే ఇటొకడు, అటొకడు వీపు ఆనించి తోస్తుండాలి. “ఎవడ్రా లోపల?” “సాయిలును.” “మరి నేనెవన్ని?” ఈ మూడు మాటల మధ్య విరామాన్ని కుదుర్చుకోవడానికి మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. నటులు తాము నవ్వకూడదు, ఆకలితో, కోపంతో నిజంగా మండిపడాలి. ప్రేక్షకుల నవ్వు పైకి లేస్తున్నప్పుడు ఆగాలి, అది దిగుతుండగా, పూర్తిగా అణగక ముందే, తరువాతి మాట అందుకోవాలి.

వేదిక విషయం క్లుప్తంగా చెబుతాను. సేటు ఇల్లు, వేశ్య ఇల్లు, మఠం, ఈ మూడు తలుపులు చాలు. వెదురు చట్రాలకు గుడ్డ బిగిస్తే సరిపోతుంది, కాని తలుపు రంగంలోని చట్రానికి మాత్రం కర్ర, మేకులు, వెనుక ఇసుక బస్తాలు ఉండాలి. సాధన జరిగే బడి గదిలో అవే కొలతలతో సుద్దముక్కతో గీతలు గీసుకోండి. కాలర్ మైకులు ఈ నాటకానికి పనికిరావు, తోపులాటలో గుడ్డ రాపిడి తప్ప మాట వినబడదు; పైనుంచి వేలాడదీసే మైకులు మూడు పెట్టించండి. రేకుల కప్పు ఉన్న ఫంక్షన్ హాలు కంటే బడి ఆవరణలో మాట స్పష్టంగా వినిపిస్తుంది. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరుకు నిబంధనలు ఒప్పుకోవు కనుక ఆరున్నరకు మొదలుపెట్టి తొంభై నిమిషాల్లో ముగించే ప్రతి తయారుచేసుకోండి. పోలీసు అనుమతికి ముందుగానే దరఖాస్తు ఇవ్వండి. సంక్రాంతి తరువాత, పరీక్షలు మొదలుకాక ముందు ఉన్న వారాలు అన్నింటికంటే అనుకూలం. ఏప్రిల్ వచ్చిందంటే మన ఎండలకు తలగుడ్డల కింద నటులు నిలవలేరు. కరెంటు పోతే మాటలు ఆగకూడదని, డప్పు వాళ్లు దగ్గరికి జరగాలని ముందే చెప్పి ఉంచండి.

మఠం తలుపు వెడల్పు మాత్రం వడ్రంగికి మొదటి రోజే చెప్పాలి: నాలుగు అడుగులకు తగ్గకూడదు. నాటకం ముగిసేసరికి రాజు, సేట్లు, భార్యలు అందరూ లోపలికి పోయి, ఇద్దరు పనివాళ్లే బయట మిగులుతారు. పెద్దవాడెవరు, ముందు ఎవరు పోవాలి అని కాసేపు వాదులాడుకొని, ఒకరి ముందొకరు కాకుండా చెయ్యి చెయ్యి పట్టుకొని ఆ తలుపులోనుంచి ఇద్దరూ కలిసి వెళ్తారు. మా వడ్రంగి మూడడుగులకు కోశాడు. వాళ్లు పక్కకు తిరిగి, భుజాలు ముడుచుకొని, ఎడమ తువ్వాల ఒకటి, కుడి తువ్వాల ఒకటి మేకుకు తగిలించుకొని లోపలికి దూరారు. తెర దించే మనిషి ఆ తువ్వాలలు విడిపడేదాకా తాడు పట్టుకొని నిలబడ్డాడు.