ఎమ్మెల్యే నుంచి ఎంపీ అయిన నాయకుడి ప్రస్థానాన్ని పరిశీలించే పద్ధతి

హైదరాబాద్‌లోని శాసనసభ నుంచి ఢిల్లీ లోక్‌సభకు వెళ్లిన నాయకుడి గురించి రాయదలచినవారు ముందుగా ఆయన పోటీ చేసిన ఎన్నికలన్నింటినీ, ఓడినవాటితో సహా, సంవత్సరాల వారీగా ఒక కాగితం మీద వేసుకోవాలి. ఉదాహరణకు జి.కిషన్‌రెడ్డి 2004లో హిమాయత్‌నగర్ నుంచి, 2009, 2014లలో అంబర్‌పేట నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2018 డిసెంబరులో అంబర్‌పేటలో ఓడిపోయి, ఆరు నెలలు తిరగకుండానే సికింద్రాబాద్ ఎంపీ అయ్యారు. ఇది చూసి 2009లో ఆయన హిమాయత్‌నగర్‌ను వదులుకున్నారని రాస్తే తప్పవుతుంది. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ స్థానమే రద్దయి, అంబర్‌పేట కొత్తగా ఏర్పడింది.

ఓటమి వెంటనే గెలుపు ఎలా వచ్చిందన్నది తేల్చడానికి మొత్తం మెజారిటీ చాలదు. సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం కిందకు అంబర్‌పేటతో పాటు ముషీరాబాద్, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్ సెగ్మెంట్లు వస్తాయి కాబట్టి, ఎన్నికల సంఘం లెక్కల్లో అంబర్‌పేట సెగ్మెంట్ ఓట్లను విడిగా తీసి 2018 ఫలితం పక్కన పెట్టి చూడాలి.

శాసనసభ ప్రసంగాల కోసం వెతికేటప్పుడు, 2014 జూన్ 2కు ముందువి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రికార్డుల్లో ఉంటాయని మరవకూడదు. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్లను వరుసగా చదివితే ఆస్తులు, అప్పులు, కేసులు ఎప్పుడెలా మారాయో తెలుస్తుంది.

ఎక్కువ మంది పొరబడేది పార్లమెంటు ప్రశ్నల లెక్క దగ్గర. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలను నక్షత్ర గుర్తుతో మౌఖిక సమాధానానికి, 230 ప్రశ్నలను లిఖితపూర్వక సమాధానానికి స్వీకరిస్తారు. 1994, 1999లలో చార్మినార్ ఎమ్మెల్యేగా గెలిచి, 2004 నుంచి హైదరాబాద్ ఎంపీగా కొనసాగుతున్న అసదుద్దీన్ ఒవైసీ కేంద్రంలో మంత్రి పదవి చేపట్టలేదు కాబట్టి, ఆయన ఏ శాఖను ఏమడిగారన్నది పనితీరుకు మంచి సాక్ష్యం. కిషన్‌రెడ్డి మాత్రం 2019 మే నెలాఖరులోనే హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు. మంత్రులు ప్రశ్నలు అడగరు, సమాధానాలిస్తారు. ఆయన పేరు ఎదుట సున్నా కనబడితే దాన్ని నిర్లక్ష్యంగా చిత్రించడం అన్యాయం. ఆయన ఇచ్చిన సమాధానాలను తీసి, అడిగినదానికి సూటిగా బదులు వచ్చిందా లేదా అని చదవడమే సరైన పరీక్ష. ప్రశ్నల సంఖ్య కన్నా ప్రశ్నలోని వాక్యమే ముఖ్యమని నా నమ్మకం: ఒక పథకం అమలవుతోందా అని ఊరికే అడగడం వేరు, ఏ జిల్లాకు ఎంత మంజూరై ఎంత ఖర్చయిందని అడగడం వేరు.

చివరగా నియోజకవర్గ అభివృద్ధి నిధుల లెక్క చూడాలి. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల కేటాయింపు ఉన్నా, పనులను సిఫారసు చేయడమే ఎంపీ వంతు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. పైగా 2020 ఏప్రిల్‌లో కొవిడ్ కారణంగా కేంద్రం ఈ నిధులను ఆపింది కాబట్టి, ఆ కాలపు ఖర్చును మిగతా ఏళ్లతో నేరుగా పోల్చకూడదు.